ఆన్‌లైన్ చదువు గురించి మా పిల్లలు మీతో చెప్పని మాటలు: ఉన్నత విద్యా మండలికి బహిరంగ లేఖ

తెలంగాణ ఉన్నత విద్యా మండలి చైర్మన్ గారికి, రాష్ట్ర విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లకు, అకడమిక్ కౌన్సిల్ సభ్యులకు,

నమస్కారం.

నేను జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీ చెబుతాను. కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో నడిపే స్వయం కోర్సుల బాధ్యత కూడా నా నెత్తినే ఉంది. సెమిస్టర్ మొదట్లో రిజిస్ట్రేషన్ల గొడవ, చివర్లో సర్టిఫికెట్ల గొడవ, రెండూ నావే. ఆ రెంటి మధ్య కాలంలో పిల్లలు ఏమనుకుంటున్నారో నా చెవిన పడుతూ ఉంటుంది. మీ దాకా వచ్చేవి మాత్రం అంకెలు: ఎంతమంది చేరారు, ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమందికి సర్టిఫికెట్ వచ్చింది. చేరినవాళ్ళ అంకె పెద్దగా, మిగతా రెండూ చిన్నగా కనిపించేసరికి "మన పిల్లలకు ఆన్‌లైన్ చదువంటే ఆసక్తి లేదు, సీరియస్‌నెస్ లేదు" అని మీటింగుల్లో తేల్చేస్తుంటారు. ఆ మాట విని విని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆసక్తి లేదనే మాట నేను ఒప్పుకోను. గ్రూప్స్‌కీ, కానిస్టేబుల్‌కీ, డీఎస్సీకీ తయారయ్యే మా విద్యార్థుల్లో చాలామంది కోచింగ్ సెంటర్ గడప తొక్కలేదు. పాలిటీ, ఎకానమీ, అర్థమెటిక్ అన్నీ యూట్యూబులో తెలుగులో చెప్పే సార్ల దగ్గరే నేర్చుకుంటున్నారు. సెమిస్టర్ పరీక్షకు ముందు రాత్రి ఆర్గానిక్ కెమిస్ట్రీ మెకానిజమ్స్ కోసం నా నోట్సు తెరిచేవాళ్ళు తక్కువ, ఫోన్ తెరిచేవాళ్ళు ఎక్కువ. (నాకు కాస్త చిన్నతనంగానే ఉంటుంది, అది వేరే సంగతి.) అదే పిల్లలు స్వయం కోర్సు అనగానే "తప్పదా మేడం?" అంటారు. రాత్రి తమంతట తాము చూసే వీడియోకీ, పగలు మనం చూడమన్న వీడియోకీ మధ్య ఏం తేడా ఉందో ఎవరైనా వాళ్ళను అడిగారా?

ముందు కరోనా కాలం గురించి చెప్పాలి. ఆన్‌లైన్ అనే మాటకు మా పిల్లల మనసులో ఉన్న అర్థం అప్పుడే స్థిరపడింది. 2020లోనూ 2021లోనూ పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసైన సంగతి మీకు తెలుసు. ఆ పిల్లలే తర్వాత డిగ్రీకి వచ్చారు. హైస్కూల్ చివరి రోజులు ఫోన్ ముందు గడిపి, చదివింది ఎంత వచ్చిందో ఎవరూ అడగకుండానే పై తరగతికి వెళ్ళినవాళ్ళు వాళ్ళు. ఆన్‌లైన్ అంటే "హాజరు వేయించుకునే పని" అని అప్పుడే నేర్చుకున్నారు. ఎవరు నేర్పారు? మనమే. లాగిన్ అయినవాళ్ళ స్క్రీన్‌షాట్ పంపమన్నాం, పంపారు.

అప్పుడు హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం తన విద్యార్థులను సర్వే చేస్తే దాదాపు 2,500 మంది జవాబిచ్చారు. ఫోన్ ఉన్నవాళ్ళు 90 శాతం దాకా తేలారు. ఆన్‌లైన్ క్లాసులు వినగలం అన్నవాళ్ళు 37 శాతమే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీ ఏమిటో మా లాంటి ఊళ్ళలో పాఠం చెప్పినవాళ్ళకు తెలుసు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద ఉదయం రెండు క్లాసులు వీడియోతో వింటే మధ్యాహ్నానికి డేటా అయిపోతుంది. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ నాన్నతోపాటు పొలం వెళ్ళిపోతుంది. సిగ్నల్ కోసం డాబా ఎక్కితే ఎండ, చెట్టు కిందకు వెళ్తే ఊరి వాళ్ళ ప్రశ్నలు. అంతకు ముందే, 2017-18 నాటి జాతీయ నమూనా సర్వేలో, దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం అని తేలింది. కంప్యూటర్ కోసం తయారైన పాఠాన్ని ఐదు అంగుళాల తెర మీద చూసి పిల్లలు బోర్డు మీద అక్షరాలు కనబడటం లేదంటే, దాన్ని మనం "ఆసక్తి లేకపోవడం" కింద రాసుకున్నాం.

అమ్మాయిల విషయం ఇంకోలా ఉంటుంది. ఇంట్లో ఉన్న అమ్మాయి ఖాళీగా ఉన్నట్టే లెక్క. క్లాసు నడుస్తుండగానే అంట్లు తోమమంటారు, తమ్ముణ్ణి చూసుకోమంటారు, పత్తి ఏరే రోజుల్లో చేనుకు రమ్మంటారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని అనుమానం. బస్సెక్కి కాలేజీకి వచ్చేస్తే సాయంత్రం దాకా ఆ సమయం పూర్తిగా తనది. మా అమ్మాయిలు ఆన్‌లైన్ వద్దు అన్నప్పుడు చాలాసార్లు వద్దంటున్నది ఇంట్లో కూర్చోవడాన్ని. టెక్నాలజీ మీద వాళ్ళకు ఏ పేచీ లేదు. ఇది ఏ ఫీడ్‌బ్యాక్ ఫారంలోనూ పట్టదు, ఎందుకంటే ఆ ఫారంలో "మీ ఇంట్లో మీకు చదువుకునే సమయం దొరుకుతుందా?" అనే ప్రశ్నే ఉండదు.

ఆన్‌లైన్ బాగుందని మనస్ఫూర్తిగా చెప్పేవాళ్ళూ మా దగ్గర ఉన్నారు. రాత్రి పూట డెలివరీ పని చేసి ఉదయం పూట నిద్రపోయే అబ్బాయి, పెళ్ళయి అత్తవారి ఊరు వెళ్ళిన అమ్మాయి, మెట్లు ఎక్కలేని పిల్లలు. వీళ్ళకు రికార్డు చేసిన పాఠం లేకపోతే చదువే లేదు. క్లాసులో ఎన్నడూ నోరు విప్పని ఒక విద్యార్థిని చాట్ బాక్సులో వరసగా ప్రశ్నలు టైప్ చేయడం నేను చూశాను. తన ఇంగ్లిష్ విని ఎవరూ నవ్వరన్న ధైర్యం ఆమెది.

నిజానికి ఇష్టం, అయిష్టం రెండూ ఒకే విద్యార్థిలో ఉంటాయి. రికార్డు చేసిన వీడియో ఇష్టం: ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, తెలిసిన ముక్క ఉంటే రెట్టింపు వేగంతో దాటేయవచ్చు. లైవ్ క్లాసు ఇష్టం లేదు: సిగ్నల్ పోతే పాఠమూ పోతుంది. ల్యాబ్ వీడియో అంటే నవ్వొస్తుంది. ఆ నవ్వులో నేనూ ఉన్నాను. ఫినాఫ్తలీన్ వేసిన ఫ్లాస్కులో లేత గులాబీ రంగు వచ్చి నిలిచే ఆ ఒక్క చుక్క దగ్గర బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కలుగా వదిలే గొట్టం) ఆపడం చేతికి రావాలి. దాటిపోతే ముదురు రంగు వస్తుంది, మళ్ళీ మొదలుపెట్టాలి. వీడియోలో అన్నిసార్లూ సరైన చుక్క దగ్గరే ఆగుతుంది. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పడం లాంటిది ఇది.

మరో విషయం కూడా మీలో చాలామందికి మింగుడు పడలేదు. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసులు మాకు అర్థం కావడం లేదన్న పిల్లలే తర్వాత పరీక్షలు మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టండని గొడవ చేశారు. "చూశారా, కాపీ కొట్టడానికే" అన్నారు అందరూ. అలా అడిగినవాళ్ళలో కాపీ కోసం అడిగినవాళ్ళు లేకపోలేదు. కానీ తక్కినవాళ్ళు అన్నది వేరు: నేర్పింది ఒక పద్ధతిలో, అడిగేది ఇంకో పద్ధతిలో అయితే ఎలా? వచ్చీ రాని సిగ్నల్‌లో సగం విన్న సిలబస్ మీద, క్లాసులో కూర్చుని పూర్తిగా విన్నవాళ్ళకు ఇచ్చే పేపరే ఇస్తున్నారు కదా? ఈ ప్రశ్నకు నేను క్లాసులో సరైన జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు స్వయం దగ్గరికి వస్తాను. 2017 జులై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ దీన్ని ప్రారంభించారు. దానికన్నా ఎంతో ముందే, 2003 నుంచి ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడుపుతున్న ఎన్‌పీటెల్ పాఠాలు ఉన్నాయి. వాటి నాణ్యత గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను ఎన్నోసార్లు క్లాసుకు వెళ్ళే ముందు వాటినే చూసుకుంటాను. స్వయం కోర్సుల ద్వారా తెచ్చుకోగల క్రెడిట్ల (డిగ్రీ లెక్కలోకి వచ్చే పాయింట్ల) వాటా 2016 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల్లో 20 శాతం ఉండేది, 2021లో 40 శాతం చేశారు. అంటే ఒక సెమిస్టర్‌లో దాదాపు సగం చదువు ఎక్కడో ఉన్న ప్రొఫెసర్ గారి వీడియోల మీద నడవవచ్చు. పొరుగున ఆంధ్రప్రదేశ్ కూడా 2024 ఫిబ్రవరిలో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సంస్థతో ఒప్పందం చేసుకుని దాదాపు రెండు వేల కోర్సులను విద్యార్థుల ముందు పెట్టింది. దారి అటే అన్నది స్పష్టం. ఆ దారిలో నడవాల్సిన పిల్లలకు ఏం జరుగుతోందో వినండి.

స్వయంలో ఉన్న ఎన్‌పీటెల్ కోర్సు వినడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష రాయాలి, దాని ఫీజు 1,000 రూపాయలు. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే పాస్. ఏర్పాటు మంచిదే. కానీ ఏ వారం అసైన్‌మెంట్ వచ్చినా గంటల్లో దాని జవాబులు టెలిగ్రామ్‌లో, యూట్యూబులో దొరుకుతాయి. పిల్లలు ఏ, బీ, సీ, డీలు ఎత్తి రాసేస్తారు, 25కు 25 తెచ్చుకుంటారు. వీడియో తెరిచి కూడా చూడరు. పరీక్ష దగ్గరికి వచ్చేసరికి కొందరు ఫీజు కట్టరు. కట్టినవాళ్ళు బస్సెక్కి దూరంగా ఉన్న కేంద్రానికి వెళ్ళి 75లో 30 తెచ్చుకోలేక తిరిగొస్తారు. ఇంటి దగ్గర ఆ వెయ్యి రూపాయలకు లెక్క చెప్పాలి. ఉపాధి కూలీకి వెళ్ళే అమ్మ దగ్గర తీసుకున్న డబ్బు అది.

ఎత్తి రాయడం తప్పే. ఎందుకు రాస్తున్నారని నేను ఒక బ్యాచ్‌ను తిట్టకుండా, మార్కులు వేయకుండా అడిగాను. వాళ్ళు చెప్పినవి ఇంచుమించు వాళ్ళ మాటల్లోనే రాస్తున్నాను. "మొదటి వారం చూశాం మేడం, ఆయన ఇంగ్లిష్ స్పీడు అందలేదు." "రెండో వారంలో ఒకచోట ఆగిపోయాం, ఎవర్ని అడగాలో తెలీదు." "ఫోరంలో అడగొచ్చు కదా అంటారు, అక్కడ ఇంగ్లిష్‌లో తప్పు రాస్తే దేశమంతా చూస్తుంది." "మా క్లాసు టీచర్‌ను అడిగితే అది నా సబ్జెక్ట్ కాదన్నారు." ఒక కుర్రాడు ఇంకా సూటిగా అన్నాడు: "యూట్యూబ్ సార్‌కు మేం కావాలి మేడం, మేం చూడకపోతే ఆయనకు నడవదు. ఇక్కడ మేం చూసినా చూడకపోయినా ఎవరికీ ఏం కాదు."

ఆ కుర్రాడి మాటను నేను చాలా రోజులు మర్చిపోలేదు. యూట్యూబ్ సార్లు కామెంట్లకు జవాబిస్తారు, "నిన్న అడిగిన డౌట్ ఇదిగో" అని మర్నాడు వీడియో పెడతారు, మన పల్లె మాటల్లో జోకులేస్తారు. పిల్లల దృష్టిలో అక్కడ ఒక మనిషి ఉన్నాడు. స్వయం పద్ధతిలోనూ మనిషికి చోటు పెట్టారు. వీడియో, చదువుకునే పాఠం, తమను తాము పరీక్షించుకునే ప్రశ్నలు, చర్చా వేదిక (ఫోరం) అని నాలుగు భాగాలతో కోర్సును రూపొందించారు. ఆ నాలుగో భాగం మా పిల్లలకు అందడం లేదు. మా పిల్లలు వద్దంటున్నది, అడిగితే పలికేవాళ్ళు లేని చదువును.

ఇందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏదీ లేదు. 2016 నాటి యూజీసీ నిబంధనల్లోనే ఆ మాట రాసి ఉంది. విద్యార్థి చదివే సంస్థ ఒక కోర్సు సమన్వయకర్తను నియమించాలి, ఆ వ్యక్తి కోర్సు మొదటి నుంచి చివరి దాకా విద్యార్థులకు దారి చూపాలి, ల్యాబులూ కంప్యూటర్లూ లైబ్రరీ ఉచితంగా, సరిపోయేంతగా సమకూర్చాలి. ఆచరణలో ఆ సమన్వయకర్త అంటే నా లాంటి ఒక్క మనిషి. అన్ని సబ్జెక్టులకూ నేనే. కామర్స్ పిల్లవాడు వచ్చి అకౌంటింగ్ స్టాండర్డ్స్ మీద ప్రశ్న అడిగితే నేనేం చెప్పను? నా పని రిజిస్ట్రేషన్ల సంఖ్య పంపడం దగ్గరే ఆగిపోతోంది. టైంటేబుల్‌లో ఈ పనికి ఒక్క పీరియడ్ కూడా లేదు. వర్క్‌లోడ్ లెక్కలో ఇది పనే కాదు.

తెలుగు నేల మీద ఉన్నవాళ్ళం ఈ సంగతి ఇంకొకరి దగ్గర నేర్చుకోవాల్సి రావడం నాకు వింతగా ఉంటుంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా పనిచేసిన జి. రామ్‌రెడ్డి గారే తర్వాత ఢిల్లీలో ఇగ్నోను (ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని) నిలబెట్టారు. పుస్తకం ఇంటికి పంపితే చాలని వాళ్ళు అనుకోలేదు. తెలుగులో, ఒంటరిగా చదువుకునేవాడికి అర్థమయ్యేలా పాఠాలు రాయించారు. ఊరూరా మామూలు కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు పెట్టి, సెలవు రోజున అక్కడి లెక్చరర్లతోనే క్లాసులు చెప్పించారు. బస్ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, మధ్యలో చదువు మానేసిన ఆడవాళ్ళు అలా డిగ్రీ పూర్తి చేశారు. మా కాలేజీలో కూడా ఆ సెంటర్ నడిచింది. ఆదివారం పొద్దున వచ్చేవాళ్ళు వారమంతా పోగేసుకున్న ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వచ్చేవాళ్ళు. ఇంటర్నెట్ లేని రోజుల్లో అంత బాగా అర్థమైన సంగతి, ఇంటర్నెట్ వచ్చాక మనం ఎలా వదిలేశామో నాకు అంతుపట్టదు.

ఒక సెమిస్టర్‌లో నేను చిన్న ప్రయత్నం చేశాను. శనివారం చివరి పీరియడ్ కంప్యూటర్ ల్యాబ్ తాళం అడిగి తీసుకుని, కెమిస్ట్రీ కోర్సు తీసుకున్నవాళ్ళతో ఆ వారం వీడియోను ప్రొజెక్టర్ మీద వేసి, ఆపి ఆపి చూశాం. పది నిమిషాల ముక్కకు అరగంట పట్టేది. తెలుగులో ప్రశ్నలు వచ్చాయి, నాకు తెలియనివీ వచ్చాయి, వాటిని నేనే ఫోరంలో పెట్టాను. జవాబు వచ్చినప్పుడు పిల్లల మొహాలు చూడాలి, ఐఐటీ ప్రొఫెసర్ బృందం తమ ప్రశ్నకు జవాబిచ్చిందని. అందరూ పాసయ్యారని చెప్పను, అవలేదు. పరీక్షకు ఫీజు కట్టినవాళ్ళు మాత్రం పెరిగారు, తర్వాతి సెమిస్టర్‌లో కొందరు తమంతట తామే ఇంకో కోర్సు ఎంచుకున్నారు. ఆ తర్వాత ఆ పీరియడ్ ఇంకో పేపర్‌కు పోయింది, తాళం కూడా దొరకలేదు.

కాబట్టి మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. స్వయం క్రెడిట్లు ఉన్న ప్రతి ప్రోగ్రాంలో, ఆ కోర్సు పేరు మీద వారానికి ఒక పీరియడ్ టైంటేబుల్‌లో అచ్చులో కనిపించాలి. దాన్ని ఆ సబ్జెక్ట్ లెక్చరర్‌కే ఇవ్వాలి, వర్క్‌లోడ్‌లో లెక్కించాలి. అది లేకుండా ఏ కాలేజీకీ కోర్సుల వాటా పెంచే అనుమతి ఇవ్వకండి. 40 శాతం అన్నది పై హద్దు, అంత వాడి తీరాలన్న నియమం ఎక్కడా లేదు. ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టులకు బదులుగా వీడియోలను చూపించే ఆలోచన ఎక్కడైనా ఉంటే, దాన్ని ఇప్పుడే వదిలేయండి. పిల్లలు ఆ ఎత్తు మనకన్నా ముందే పసిగట్టారు. "సార్ రిటైరయ్యారు కాబట్టి మాకు స్వయం ఇచ్చారు" అని నాతోనే అన్నారు.

పరీక్ష ఫీజు సంగతి కూడా చూడండి. స్కాలర్‌షిప్ మీద చదివే పిల్లలకు మొదటిసారి పరీక్షకు ఆ వెయ్యి రూపాయలు విశ్వవిద్యాలయమే కట్టవచ్చు. ఎన్‌పీటెల్‌లో కొన్ని కోర్సులకు తెలుగు అనువాద పాఠాలు ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో పిల్లలకు చూపించే ఒక పేజీ తయారు చేయించడానికి ఎంత ఖర్చవుతుంది? ప్రాక్టికల్స్‌ను మాత్రం దయచేసి దీని జోలికి తీసుకురాకండి.

ఇంకొక్కటి. విద్యార్థుల అభిప్రాయం తీసుకునేటప్పుడు గూగుల్ ఫారం లింకు ప్రిన్సిపాల్ ద్వారా పంపి "అందరూ నింపాలి" అని ఆదేశించకండి. అలా వచ్చేవన్నీ "చాలా బాగుంది" అనే జవాబులే. మీలో ఎవరైనా ఒక మధ్యాహ్నం మా లాంటి కాలేజీకి రండి, లెక్చరర్లను బయటికి పంపి, తెలుగులో అడగండి. కొందరు మీ ఎదుట కూడా నోరు విప్పరు, వాళ్ళకు చీటీలు ఇవ్వండి. పేరు రాయక్కర్లేదని మొదటే చెప్పండి.

స్వయం కోర్సులు జనవరిలోనూ జులైలోనూ మొదలవుతాయి. టైంటేబుళ్ళు అంతకు ముందే తయారవుతాయి కాబట్టి, ఆ పీరియడ్ గురించి నిర్ణయం వచ్చే అకడమిక్ కౌన్సిల్ సమావేశంలోనే జరగాలి. ఈ ఉత్తరాన్ని మా విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కూడా పెడుతున్నాను. వాళ్ళ మాటల్ని నేను తేడాగా రాసి ఉంటే మీకంటే ముందు వాళ్ళే పట్టుకుంటారు.

గౌరవంతో,
కెమిస్ట్రీ అధ్యాపకురాలు,
ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల